జమ, ఖర్చు, బాకీ: గణకశాస్త్రంలో సిద్ధాంతమూ ఆచరణా

కూచిపూడి పేరు చెప్పగానే నాట్యం జ్ఞాపకం వస్తుంది. ఆ నాట్యానికి ఒక ఊరు ఆధారంగా నిలిచి ఉండడానికి లెక్కపుస్తకంలోని ఒక పద్దు కూడా కారణమన్న సంగతి చాలామందికి తోచదు. 1672 నుండి 1687 వరకు గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీ సుల్తాను అబుల్ హసన్ తానీషా మచిలీపట్నం ప్రయాణంలో భాగవతుల ప్రదర్శన చూచి, సంతోషించి, ఆ ఊరిని వారికి అగ్రహారంగా ఇచ్చాడని సంప్రదాయం చెబుతున్నది. ఆ తరువాత 1763లో ఊరి హక్కులను భాగవతుల కుటుంబాల మధ్య పంచుతూ ఒక దస్తావేజు కూడా వ్రాయబడినది.

ఇనాము అనేది అరబ్బీ మాట. అనుగ్రహం అని దానికి అర్థం. లెక్కలు వ్రాసేవానికి మాత్రం ఇనాము ఒక పద్దు. ఊరి శిస్తులో తనకు రావలసిన భాగాన్ని ప్రభుత్వం ఫలానావారికి వదులుకున్నదని ఆ పద్దు చెప్పాలి. ప్రభువు నోటిమాటగా ఇచ్చి ఊరుకుంటే, మరుసటి ఏడు వచ్చిన అధికారికి ఆ మాట తెలియదు. అతడు శిస్తు అడుగుతాడు. సుల్తాను పోయాడు. 1687లో గోల్కొండ రాజ్యమే పోయింది. తరువాతి ప్రభుత్వాలు ఇనాముదారును అడిగినది వ్రాతనే. 1860ల దశకంలో మద్రాసు రాజధానిలో ఇనాం కమిషన్ విచారణ జరిపినప్పుడు సనదులూ, గ్రామలెక్కలూ, అనుభవమూ పరిశీలించి పట్టాలు ఇచ్చింది. 1956లో ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం వచ్చి ఈ భూములను రైత్వారీ కిందికి మార్చేవరకు, ఎవరి హక్కు ఏమిటో తేల్చినది ఆ కాగితాలే.

ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ లేకపోయినా హక్కును నిలబెట్టడం లెక్కపుస్తకం చేసే పని. గణకశాస్త్రానికి ఇదే ప్రాణం. పద్దు ఎట్లా వ్రాయాలో చెప్పేది ఆచరణ. ఎందుకు అట్లా వ్రాయాలో, వ్రాసినది ఏ ప్రశ్నకు జవాబో చెప్పేది సిద్ధాంతం. ఆచరణ మాత్రమే నేర్చినవాడు కూడికలలో తప్పు చేయకపోవచ్చును. అయినా లెక్క చూచి తప్పు నిర్ణయానికి రావచ్చును. జకాత్ లెక్క కట్టేటప్పుడు ఈ పొరపాటు ఎంతకు దారితీస్తుందో ఈ వ్యాసం చివర ఒక ఉదాహరణతో చూడవచ్చును.

మాటలు చెప్పే చరిత్ర

కృష్ణా డెల్టాలో కిరాణా దుకాణం నడిపే వ్యాపారి, అతని మతమేదైనా, రోజూ పలికే మాటలు కొన్ని ఉన్నాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, తారీఖు, జాబితా. వీటిలో రసీదు పారసీకం నుండి, మిగిలినవి అరబ్బీ మూలం నుండి తెలుగులోకి వచ్చినవి. జమ అనగా కూడబెట్టినది. ఖర్చు అనగా బయటికి వెళ్ళినది. వసూలు అనగా చేరినది. బాకీ అనగా మిగిలినది. గోల్కొండ దర్బారులో పారసీక లెక్కలూ, గ్రామంలో కరణాల తెలుగు లెక్కలూ పక్కపక్కనే సాగిన కాలంలో ఈ మాటలు మన భాషలో స్థిరపడ్డాయి. తానీషా మంత్రి మాదన్న కూడా వ్రాతకోతల కొలువులో మొదలై పైకి వచ్చినవాడే.

వీటన్నిటిలో విశేషమైన మాట ఆవర్జా. తెలుగులో వాణిజ్యశాస్త్రం చదివిన విద్యార్థులందరికీ ఇది పరిచితమే. రోజువారీ వ్యవహారాలను జరిగిన వరుసలో వ్రాసే పుస్తకం చిట్టా. వాటిని మనిషివారీగా, అంశంవారీగా విడదీసి ఎత్తి వ్రాసే పుస్తకం ఆవర్జా. ఈ మాట వెయ్యేండ్ల నాటి ఇస్లామీ పరిపాలనా గ్రంథాలలో ఉన్నది. పదవ శతాబ్దం చివరి భాగంలో అబూ అబ్దుల్లాహ్ అల్ ఖ్వారిజ్మీ రచించిన ‘మఫాతీహుల్ ఉలూమ్’ అనే గ్రంథంలో ప్రభుత్వ లేఖకుల పరిభాషకు ప్రత్యేకంగా చోటు ఇవ్వబడినది. (బీజగణితం వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ వేరు, ఆయన ఇంతకు శతాబ్దానికి పైగా ముందువాడు.) అక్కడ రోజువారీ పుస్తకానికి రూజ్‌నామజ్ అని, మనిషివారీ పుస్తకానికి అవారిజ్ అని పేర్లు. మూలపుస్తకం నుండి ఒక్కొక్కరు చెల్లించవలసిన మొత్తాన్ని ఇందులోకి ఎత్తి వ్రాసి, చెల్లించిన వాయిదాలను దానికింద చూపుతారని గ్రంథకర్త వివరిస్తాడు. నేడు మన పాఠ్యపుస్తకం ఆవర్జాకు ఇచ్చే నిర్వచనం కూడా దాదాపు ఇదే.

1363 ప్రాంతంలో ఇరాన్‌లో అల్ మాజందరానీ పారసీకంలో వ్రాసిన ‘రిసాలయె ఫలకియ్య’ ఈ పద్ధతులను ఇంకా విపులంగా చెబుతుంది. వెనిస్‌లో 1494లో లూకా పచోలీ జంటపద్దు విధానాన్ని అచ్చులో వివరించడానికి ఇది నూటముప్పై ఏండ్లకు ముందటి గ్రంథం. అయితే జంటపద్దు విధానం ముస్లిములదే అని ఇందువల్ల తేల్చరాదు. ప్రభుత్వ రాబడిని, ఎవరు ఎంత బాకీ ఉన్నారో కనిపెట్టడానికి దివానులలో పెరిగినది ఒక పద్ధతి. వ్యాపారి తన మూలధనం పెరిగిందో తరిగిందో తెలుసుకోవడానికి ఇటలీ నగరాలలో పెరిగినది మరొక పద్ధతి. ప్రశ్న వేరైనప్పుడు పుస్తకం కూడా వేరవుతుంది. సిద్ధాంతం నేర్పే మొదటి పాఠం ఇదే.

వ్రాయమన్న ఆదేశం

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. అది అప్పుల వ్రాతను గురించినది. గడువు గల అప్పు ఇచ్చి పుచ్చుకొనేటప్పుడు వ్రాసుకోవలెనని, లేఖకుడు న్యాయంగా వ్రాయవలెనని, వ్రాయడానికి నిరాకరించరాదని అందులో ఆదేశం ఉన్నది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని, సాక్షులను పెట్టుకోవలెనని, లేఖకునికి గాని సాక్షికి గాని హాని చేయరాదని కూడా ఉన్నది. చేతికి చేయి జరిగే రొక్కపు వ్యాపారాన్ని వ్రాయకపోయినా దోషం లేదని సడలింపు ఉన్నది.

ఇందులో గణకశాస్త్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన అంశం ఒకటి ఉన్నది. పత్రంలోని మాటలు ఎవరు చెప్పాలి? అప్పు ఇచ్చినవాడు కాదు, అప్పు తీసుకున్నవాడు చెప్పాలి. అతనికి శక్తి లేకపోతే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి. భారం ఎవరిపై పడుతుందో అతని నోటినుండి వచ్చిన మాట కనుక రేపు దానిని అతడు కాదనలేడు. బలవంతుడైన ఋణదాత అంకె పెంచి వ్రాయించే వీలూ ఉండదు. నేటి ఆడిటరు ఒక సంస్థకు రావలసిన బాకీలను ఆ సంస్థ పుస్తకం చూచి మాత్రమే ఒప్పుకోడు. బాకీదారులకు ఉత్తరం వ్రాసి, వారి నోట నిర్ధారణ తీసుకుంటాడు. రెండింటి వెనుక ఉన్న తర్కం ఒక్కటే.

రొక్కపు వ్యాపారానికి ఇచ్చిన సడలింపులోనూ ఒక సూత్రం ఉన్నది. రొక్కం చేతులు మారగానే ఎవరికీ ఎవరిపైనా హక్కు మిగలదు. దుకాణదారుడు ఒక్కొక్క గిరాకీని పేరుతో వ్రాయకుండా సాయంత్రం గల్లాపెట్టె లెక్కచూచి ఒకే పద్దు వేసుకోవచ్చును. అప్పుబేరం అట్లా కాదు. అక్కడ ప్రతి పేరుకూ ఆవర్జాలో ఒక పేజీ కావాలి. వ్రాతలో చూపవలసిన శ్రద్ధ, వెనుక మిగిలే హక్కును బట్టి ఉంటుంది.

లేఖకుని న్యాయం ఎంత అవసరమో కృష్ణాతీరపు గ్రామాలకు తెలియనిది కాదు. 1984లో రాష్ట్రప్రభుత్వం కరణీకాన్ని రద్దుచేసేవరకు గ్రామలెక్కలు వంశపారంపర్యంగా ఆ కుటుంబాల చేతిలోనే ఉండేవి. నిజాయితీతో లెక్కలు కాపాడిన కరణాలు ఉన్నారు. కాని చదువురాని రైతుకు తన పేర ఏమి వ్రాసి ఉన్నదో చూచుకొనే దారి లేకపోవడం ఆ ఏర్పాటులోని లోపం. వ్రాసేవాడు ఒక్కడే అయి, చదవగలవాడు కూడా అతడొక్కడే అయినప్పుడు, లెక్క ఎంత శుభ్రంగా ఉన్నా అది సాక్ష్యం కాజాలదు.

నాలుగు సూత్రాలు

జంటపద్దు విధానంలో ప్రతి వ్యవహారానికీ రెండు వైపులు. సరకు వచ్చింది, రొక్కం పోయింది. బాకీదారు పెరిగాడు, సరకు తరిగింది. అందువల్ల డెబిట్ మొత్తాలూ క్రెడిట్ మొత్తాలూ సమానం కావాలి. ఆ సమానత్వాన్ని పరీక్షించే పట్టికనే అంకణా అంటారు. అంకణా కుదిరినంత మాత్రాన లెక్క నిజమైనదని కాదు. అసలు వ్రాయని వ్యవహారాన్ని, ఒకరి పేరుకు బదులు మరొకరి పేర వ్రాసిన పద్దును అది పట్టుకోలేదు.

ఇక ఈ ఆచరణకు ఆధారమైన సూత్రాలు. మొదటిది, వ్యాపారం వేరు, యజమాని వేరు. యజమాని గల్లాపెట్టెలోనుండి ఇంటిఖర్చుకు తీసుకున్నది వ్యాపారపు ఖర్చు కాదు, అది సొంతవాడకం. రెండవది, వ్యాపారం కొనసాగుతుందన్న భావన. దీనివల్లనే భవనాన్ని, బీరువాలను ఈరోజు అమ్మితే ఎంత వస్తుందని అడగకుండా, కొన్నధరలో ఏటేటా తరుగుదల తీసివేసి చూపుతారు. మూడవది, లెక్కలకు కాలపరిమితి. వ్యాపారం ఎడతెగని ప్రవాహమైనా, ఎక్కడో ఒకచోట గీత గీసి ఏడాది లాభం ఇంత అని చెప్పక తప్పదు. నాలుగవది, జాగ్రత్త. రాబోయే నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి. రాని లాభాన్ని తీసుకోరాదు. అందుచేత సరకు నిల్వను కొన్నధర, అమ్మితే నికరంగా రాగలధర, ఈ రెండింటిలో తక్కువదానికి కడతారు.

ఈ సూత్రాలు ఋణదాతకు, భాగస్వామికి, పన్నుల అధికారికి వ్యాపారపు పరిస్థితి తెలిపేందుకు ఏర్పడినవి. మనదేశంలో 1949లో ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వీటి ఆధారంగా ప్రమాణాలు రూపొందిస్తూ వచ్చింది. ఇస్లామీ ఆర్థిక సంస్థలకు కొన్ని విషయాలలో వేరు ప్రమాణాలు అవసరమని గుర్తించి, 1990లో అల్జీర్స్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడి, 1991 నుండి బహ్రెయిన్ కేంద్రంగా పనిచేస్తున్నది. జకాత్ లెక్కకు కూడా అది ప్రమాణాలు ప్రకటించింది. జకాత్‌కు వేరు లెక్క ఎందుకు? సూత్రాలలో తప్పు ఉన్నందువల్ల కాదు. జకాత్ అడిగే ప్రశ్న వేరైనందువల్ల.

రెండు సంవత్సరాలు

పైన చెప్పిన కాలపరిమితి సూత్రాన్నే తీసుకొందాం. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. జకాత్‌కు సంవత్సరం చాంద్రమాన సంవత్సరం. అది సౌర సంవత్సరం కన్నా సుమారు పదకొండు రోజులు తక్కువ.

ఈ చిక్కు పరిపాలకులకు పూర్వమే ఎదురైంది. పంట సూర్యుని ననుసరించి వస్తుంది. హిజ్రీ సంవత్సరం చంద్రుని ననుసరించి జరుగుతుంది. శిస్తును హిజ్రీ లెక్కన అడిగితే పంట చేతికి రాకముందే ఏడాది తిరిగిపోతుంది. అందుకే అక్బరు కాలంలో హిజ్రీ అంకెను తీసుకొని, అక్కడినుండి సౌరమానంలో లెక్కించే ఫసలీ సంవత్సరం ప్రవేశపెట్టబడినది. ఆంధ్రదేశపు రెవెన్యూ లెక్కలు ఇప్పటికీ ఫసలీలోనే ఉన్నాయి. 2025 జులై 1న ఫసలీ 1435 మొదలైనప్పుడు హిజ్రీలో 1447వ సంవత్సరం నడుస్తున్నది. ఏటా పదకొండు రోజులే కదా అనుకున్న తేడా శతాబ్దాలలో పన్నెండేండ్ల ఎడం అయినది.

ఒక వ్యాపారి చిన్నప్పటినుండి మార్చి 31 లెక్కనే నూటికి రెండున్నర వంతున జకాత్ ఇస్తూ వచ్చాడనుకొందాం. ముప్పైమూడు సౌర సంవత్సరాలలో ముప్పైనాలుగు చాంద్రమాన సంవత్సరాలు గడుస్తాయి. అతడు ముప్పైమూడుసార్లు ఇచ్చాడు. ముప్పైనాలుగవది ఏ పుస్తకంలోనూ కనిపించదు. అంకణా కుదురుతూనే ఉంటుంది. ఉత్తమమైన మార్గం రమజాన్ లేక మరొక హిజ్రీ తేదీని నిర్ణయించుకొని, ఆనాటికి వేరుగా లెక్క తీయడం. అది కుదరక మార్చి 31 లెక్కనే ఆధారం చేసుకొనేవారు రెండున్నరకు బదులు నూటికి 2.577 వంతున ఇవ్వాలని సమకాలీన ధర్మశాస్త్రవేత్తలు పలువురు చెబుతున్నారు.

ఒక దుకాణపు లెక్క

కూచిపూడి వంటి ఊరిలో ఒక కిరాణా వ్యాపారి ఉన్నాడనుకొందాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం కల్పించినవి. సంవత్సరాంతాన అతని ఆస్తి అప్పుల పట్టీలో దుకాణపు భవనం 12,00,000 రూపాయలు. బీరువాలూ కాటాలూ 80,000. సరకు నిల్వ కొన్నధరకు 4,00,000. రావలసిన బాకీలు 1,50,000, అందులో వచ్చే ఆశలేనివి 30,000 తీసివేయగా 1,20,000. చేతిలోనూ బ్యాంకులోనూ 90,000. మొత్తం 18,90,000. సరఫరాదారులకు వెంటనే చెల్లించవలసినది 2,00,000 పోగా మూలధనం 16,90,000. ఆ ఏడాది లాభం 2,40,000.

జకాత్ ఎంత? లాభం మీద రెండున్నర శాతమనుకొనేవాడు 6,000 ఇస్తాడు. మూలధనం మొత్తం మీద అనుకొనేవాడు 42,250 ఇవ్వవలసి వస్తుందని బెదిరి అసలు మానివేస్తాడు. రెండూ పొరపాటే. వ్యాపారానికి సాధనాలైన భవనం, బీరువాలు, కాటాలపై జకాత్ లేదు. కనుక వాటి తరుగుదలతో కూడా పనిలేదు. అమ్మకానికి పెట్టిన సరకు, రొక్కం, రాగల బాకీలు లెక్కకు వస్తాయి. సరకును కొన్నధరకు గాక, జకాత్ విధి అయిన రోజు ధరకు కట్టాలని అధికసంఖ్యాక ధర్మశాస్త్రవేత్తల మాట. ఆ ధర 4,60,000 అనుకొంటే, 4,60,000, 1,20,000, 90,000 కలిపి 6,70,000. చెల్లించవలసిన 2,00,000 తీసివేయగా 4,70,000. ఇది వెండి లెక్కన యాభైరెండున్నర తులాల నిసాబ్‌ను దాటినది కనుక జకాత్ 11,750 రూపాయలు. సౌర సంవత్సరపు రేటున అయితే సుమారు 12,112.

బాకీలు తీసివేయడం హనఫీ మజ్హబ్ పద్ధతి. షాఫిఈ మజ్హబ్‌లో ప్రబలమైన అభిప్రాయం ప్రకారం అవి తీసివేయబడవు. ఆశ వదలుకొన్న బాకీ ఎప్పుడైనా చేతికివస్తే అప్పుడు ఏమి చేయాలన్న దానిలోనూ భేదాలున్నాయి. వ్యాపారి తన మజ్హబ్ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. కాని ఆలిమ్‌కు జవాబు చెప్పాలంటే అంకెలు కావాలి. సరకు ఎంత, బాకీలలో రాగలవి ఎన్ని, రానివి ఎన్ని అని విడదీసి చూపే ఆవర్జా లేనప్పుడు ఎంతటి ముఫ్తీ అయినా ఊహించి చెప్పవలసిందే. బ్యాంకు పొదుపుఖాతాలో పడిన వడ్డీకి కూడా విడిగా ఒక పేజీ ఉండాలి. అది తన లాభంలో కలవకూడదు, అందులోనుండి జకాత్ తీర్చకూడదు. పుణ్యాపేక్ష లేకుండా బీదలకు వదలివేయవలసిన సొమ్ము.

పై లెక్కలోని సరకు నిల్వను మరొకసారి చూడండి. ఆస్తి అప్పుల పట్టీలో 4,00,000, జకాత్ లెక్కలో 4,60,000. ఒకటి నిజం, మరొకటి అబద్ధం అనడానికి లేదు. మొదటి అంకెలోని జాగ్రత్త ఋణదాతను కాపాడుతుంది: ఇంకా రాని లాభాన్ని చూపి అతనిని మోసపుచ్చరాదు. రెండవ అంకెలోని జాగ్రత్త బీదవాని హక్కును కాపాడుతుంది: అతని భాగం పాత ధర చాటున తరిగిపోరాదు.

నేర్చుకొనే క్రమం

మదరసాలో ఫిఖ్హ్ చదివిన విద్యార్థి జకాత్ అధ్యాయం కంఠస్థంగా చెప్పగలడు. దుకాణపు పుస్తకం చేతికిస్తే తడబడతాడు. కాలేజీలో వాణిజ్యశాస్త్రం చదివినవాడు ఆస్తి అప్పుల పట్టీ చకచకా తయారుచేస్తాడు; జకాత్ దేనిమీద అని అడిగితే లాభంమీద అంటాడు. వీరిద్దరూ ఒకే మసీదులో ఒకే వరుసలో నిలబడుతున్నారు. వారి మధ్య వ్యాపారి, తన జకాత్ సరిపోయిందో లేదో తెలియక ఉన్నాడు.

మొదటివాడు చిట్టాతో ఆరంభించాలి. ఒక నెలపాటు ఒక చిన్న దుకాణపు వ్యవహారాలను రోజూ వ్రాసి, వాటిని ఆవర్జాకు ఎత్తి, అంకణా తీస్తే చాలు, పుస్తకమంటే భయం పోతుంది. రెండవవాడు సూరా బఖరాలోని ఆ ఆయత్‌నూ, ఫిఖ్హ్ గ్రంథాలలో వ్యాపార వస్తువుల జకాత్ భాగాన్నీ చదివి, తాను నేర్చిన ఒక్కొక్క సూత్రం ఎవరి హక్కును కాపాడడానికి ఏర్పడిందో అడగాలి. తరువాత ఇద్దరూ కలిసి తమ మసీదు లెక్కలు పట్టుకొని కూర్చోవచ్చును. వక్ఫ్ ఆస్తి ఉన్నచోట ముతవల్లీ ఏటా లెక్కలు బోర్డుకు సమర్పించాలని 1995 వక్ఫ్ చట్టం విధిస్తున్నది. చట్టం అడిగినందుకే గాక, వక్ఫ్ చేసినవాడు తిరిగివచ్చి అడగలేడు కనుక కూడా ఆ పుస్తకం సరిగా ఉండాలి.

కూచిపూడిని ఇచ్చిన సుల్తాను చివరికి దౌలతాబాదు కోటలో బందీగా మరణించాడు. ఆయన ఖజానాలోని జమ ఎటుపోయిందో, ఖర్చు ఎటుపోయిందో నేడు ఎవరికీ పట్టదు. ఇచ్చినది మిగిలింది. బాకీ అంటే మనం సాధారణంగా తీర్చవలసిన అప్పు అనుకొంటాము. అరబ్బీలో ఆ మాటకు నిలిచి ఉండేది అని అర్థం. జకాత్ లెక్క కట్టే వ్యాపారి పుస్తకం చివరి గీత కింద వ్రాసే అంకెకు ఈ రెండు అర్థాలూ వర్తిస్తాయి.